క్రీడాభిరామమును జపాను దారుచిత్రములును: వీథిని చూచు రెండు చూపులు

క్రీడాభిరామమును గూర్చి తెలుగున జరిగిన చర్చలో అధికభాగము రెండు ప్రశ్నల చుట్టును తిరిగినది. గ్రంథకర్త వినుకొండ వల్లభరాయడా, శ్రీనాథుడా అనునది మొదటి ప్రశ్న. కాకతీయులనాటి సాంఘికచరిత్రకు ఇందుండి ఎంత సామగ్రి లభించును అనునది రెండవ ప్రశ్న. మొదటిది కావ్యమును కర్త కొఱకు చదివించినది; రెండవది అందలి వస్తువుల కొఱకు చదివించినది. రెండును అవసరమైన ప్రశ్నలే. కాని ఈ కావ్యము లోకమును ఏ చూపుతో చూచినది, ఆ చూపునకు ఏ రూపము నిచ్చినది అను మూడవ ప్రశ్నకు ఈ రెండింటి నడుమ తగిన తావు దొరకలేదని మా అభిప్రాయము. ఆ ప్రశ్నను ఇచ్చట ఎత్తుకొనుచున్నాము. దానిని స్పష్టపఱచుటకు జపానుదేశమున 17వ శతాబ్ది మొదలుకొని 19వ శతాబ్ది వఱకు వర్ధిల్లిన దారుఫలక చిత్రములను ప్రక్కన నిలిపి చూతుము.

ప్రభావమును నిరూపించుట మా ఉద్దేశము కాదు. అట్టి ప్రభావమునకు అవకాశమే లేదు. క్రీడాభిరామము పుట్టిన నాటికి ఆ చిత్రములకు పుట్టినిల్లయిన ఎడో మహానగరముగా ఎదుగనే లేదు. ఒకరినొకరెఱుగని రెండు సమాజములలో నగరపు తీరికను, వినోదమును, విలాసమును కళావస్తువుగా గ్రహించిన రెండు ప్రయత్నములు ఇవి. ఒకటి పద్యమున జరిగినది. ఒకటి చెక్కపై జరిగినది. పోలిక ఎచ్చట కుదురునో దానికన్న ఎచ్చట కుదురదో అదియే మనకు ఎక్కువ నేర్పును.

1. వినుకొండ–త్రిపురాంతక సీమ

మార్కాపుర ప్రాంతమున పుల్లలచెరువు అను ఊరున్నది. దానికి ఒకవంక త్రిపురాంతకము, మఱొకవంక వినుకొండ, ఎగువన పలనాటి సీమ. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడువఱకు మార్కాపుర ప్రాంతము కర్నూలు జిల్లాలోనిది. నల్లమలకు అంచుననున్న రాతినేల, మెట్టసాగు, బడిపిల్లల పలకలకు పేరుపడిన గనులు గల సీమ. మహానగర విలాసమును తలచుకొనుటకు ఇట్టి చోటు తగినది కాదని తోచవచ్చును. అయినను ఓరుగంటి వీథులను తెలుగున చిత్రించిన కావ్యముతో సంబంధము గల రెండు పేర్లును ఈ సీమనే స్మరింపజేయుచున్నవి.

క్రీడాభిరామమునకు మూలము సంస్కృతమందలి ప్రేమాభిరామము. దాని కర్త రావిపాటి త్రిపురాంతకుడు. ఇతడే తెలుగున త్రిపురాంతకోదాహరణమును రచించి త్రిపురాంతకేశ్వరుని స్తుతించినవాడు. తెలుగుచేసిన వల్లభరాయని ఇంటిపేరు వినుకొండ. ఇంటిపేరు నివాసమునకు నిదర్శనము కాదు. దైవనామము జన్మస్థలమునకు నిదర్శనము కాదు. కనుక ఈ కవులు ఈ ఊళ్ళయందే వసించిరని మేము చెప్పము. చెప్పగలిగినది ఇంతే: ఓరుగల్లును గూర్చిన ఈ కావ్యపు పేర్లయందు రాజధాని లేదు, కృష్ణకు దక్షిణముననున్న ఒక గుడియు, ఒక కొండయు ఉన్నవి. కావ్యమున వినవచ్చు పలనాటి వీరుల గాథయు ఈ దిక్కునకు చెందినదే. కారెమపూడిలో నేటికిని కార్తికమాసమున ఆ వీరులకు ఉత్సవము జరుగుచున్నది. నగరమును నగరమునకు వెలుపలి స్మృతులతో చూచుట అను గుణము కావ్యమునందు ఎట్లు పనిచేసినదో ముందు విచారింతుము.

2. తేలియాడు లోకపు చిత్రములు

జపాను చిత్రములకు ఉకియో-ఎ అని పేరు. ఎ అనగా చిత్రము. ఉకియో అను మాటకు ఒక చరిత్ర కలదు. బౌద్ధుల వ్యవహారమున అది దుఃఖమయమైన అనిత్యలోకము. 17వ శతాబ్దమున అదే ఉచ్చారణకు వేఱు లిపిచిహ్నము నుంచి, తేలియాడు లోకమను అర్థమును కల్పించిరి. అసాయ్ ర్యోయి అను రచయిత 1660 తరువాతి సంవత్సరములలో వెలువరించిన ఉకియో మొనొగతారి యందు ఈ క్రొత్త అర్థము స్థిరపడినది. లోకము అనిత్యము గనుక విరక్తి పొందుమని చెప్పిన మాటయే, అనిత్యము గనుక ఈ క్షణమును అనుభవింపుమని చెప్పసాగినది. శబ్దము మాఱలేదు, దాని ముఖము మాఱినది.

ఈ మార్పునకు చోటు ఎడో నగరము, అనగా నేటి తోక్యో. 1603లో తొకుగావా ప్రభుత్వము అచ్చట నెలకొనెను. 18వ శతాబ్ది నాటికి ఆ నగరపు జనసంఖ్య దాదాపు పదిలక్షలకు చేరెను. వర్తకుల చేత ధనము చేరినది గాని రాజ్యాధికారమున వారికి పాలు లేదు. ఆ ధనము నాటకశాలలకును, యొషివారా అను వేశ్యావాటికకును ప్రవహించెను. ఆ వాటిక 1617లో ప్రభుత్వానుమతితో ఏర్పడి, 1657 నాటి మహాగ్నిప్రమాదమునకు పిమ్మట నగరపు అంచునకు మార్చబడినది. నటులు, వేశ్యలు, మల్లులు, తేనీటి అంగళ్ళ పడుచులు, పూలవేడుకలు, నదిపై పడవలు: ఇవి చిత్రవస్తువులైనవి.

17వ శతాబ్ది చివర హిషికావా మొరొనొబు నల్లసిరాతో విడియాకుల చిత్రములను అచ్చువేసెను. 1765లో సుజుకి హరునొబు కాలమున పలురంగుల అచ్చు సిద్ధించినది. పిదప ఉతమారో స్త్రీచిత్రములయందును, షరకు 1794–95లో పది నెలలపాటు మాత్రమే నటుల ముఖములయందును, హొకుసాయ్, హిరొషిగే దారులయందును, ప్రకృతియందును ప్రసిద్ధులైరి.

ఈ చిత్రము ఒకచేతి పని కాదని గుర్తింపవలెను. ప్రకాశకుడు మూలధనమును, ఊహను సమకూర్చును. చిత్రకారుడు పలుచని కాగితముపై గీయును. చెక్కుడుపనివాడు ఆ కాగితమును చేవగల చెఱ్ఱీచెక్కపై బోర్లించి అతికి, గీత మిగులునట్లు తక్కినది తొలగించును. ముద్రకుడు ఒక్కొక్క రంగునకు ఒక్కొక్క ఫలకమును వాడి, మూలలనున్న గుర్తులను బట్టి కాగితమును సరిగా కూర్చి, అరచేతి ప్రమాణపు అద్దుడుబిళ్ళతో రుద్దును. చిత్రముపై చిత్రకారుని సంతకమును, ప్రకాశకుని ముద్రయు తఱచుగా నుండును. చెక్కినవాని పేరు అరుదు.

తెలుగుదేశమునకు చెక్క అచ్చు క్రొత్తది కాదు. బందరు, పెడన ప్రాంతముల అద్దకపువారు టేకుచెక్కపై పూలను, లతలను చెక్కి వస్త్రములపై వేసిరి. కోరమండల తీరపు చిత్రవస్త్రములు ఒలందా వర్తకుల ఓడలలో జపానుకు పోయి, అచ్చట సరస అను పేర ఆదరణ పొందినవి. తేనీటి పాత్రలకు చుట్టుగుడ్డలుగను, పొగాకుసంచులుగను అమరినవి. 1778లో వాటి నమూనాలపై జపానున ఒక గ్రంథమే అచ్చయ్యెను. ఇట్లు మన అద్దకపు బట్ట ఎడో వర్తకుని చేతికి చేరినది. అయినను ఇచ్చట చెక్క పూవును పలికినదే గాని వీథిని పలుకలేదు. వీథిని పలికినది పద్యము.

3. వీథి అను రూపకము, వీథి అను చోటు

వీథి దశరూపకములలో ఒకటి. ఒకే అంకము, ఒకటి రెండు పాత్రలు, ఆకాశభాషితము, కైశికీవృత్తి దాని లక్షణములు. లాక్షణికుల ఈ పరిమితి క్రీడాభిరామ కవికి అడ్డు కాలేదు; అదియే అతని సాధనమైనది. గోవింద మంచనశర్మ, టిట్టిభసెట్టి అను మిత్రులిరువురు మాత్రమే రంగమున నుందురు. తక్కిన ఓరుగల్లంతయు వారి మాటయందే యున్నది. మనము నగరమును చూడము. నగరమును చూచుచున్న ఇద్దఱిని విందుము. రూపకనామమైన వీథి, నడచు వీథి ఒకటైనవి.

ఈ నిర్మాణమున ప్రతిపద్యమును ఒక విడియాకు. అదిగో చూడుమని ఒకడు చూపును, రెండవవాడు చూచును, పద్యము ముగియును, అడుగు ముందుకు పడును. పద్యమునకు పద్యమునకు నడుమ కథాసూత్రము బలమైనది కాదు. ఒక మాట, ఒక పిలుపు, ఒక మలుపు చాలును. ఉకియో చిత్రముల వరుసలయందును ఇట్టి కూర్పే కలదు. ప్రతిచిత్రపు మూలయందు చిన్న చట్రమున వరుస పేరును, చిత్రపు పేరును వ్రాసియుండును. ఆ చట్రము చూపుడువ్రేలు వంటిది. మంచనశర్మ సంబోధన ఆ చట్రము చేయు పనినే చేయుచున్నది.

ఛందస్సును గమనించినచో ఈ సామ్యము ఇంకను విశదమగును. కవి విశేషముగా వాడిన సీసపద్యమున నాలుగు పెద్దపాదములు నాలుగు గీఱుచిత్రములుగా నిలుచును. ఎత్తుగీతి వాటి నన్నింటిని ఒక చూపున కట్టివేయును. దారుచిత్రమున మొదట నల్లగీతల ఫలకము, పిమ్మట రంగుల ఫలకములు పడునట్లు, ఇందు దేశిపదము ఆకృతిని గీయును, సంస్కృతసమాసము వన్నె నద్దును. రెండు పొరలును సరిగా కుదిరినచోట జాత్యలంకారము జీవించును. సమాసపు పొర గీతను కప్పివేసినచోట స్త్రీవర్ణనము ప్రబంధములలో ఎచ్చటనైనను కానవచ్చు మూసవర్ణనమై పోవును. ఈ రెండవ తెగ పద్యములు క్రీడాభిరామమున లేకపోలేదు. జపాను చిత్రములయందును ఒకే అండాకారపు ముఖము వందల కాగితములపై మరలమరల వచ్చుట ఎఱిగినదే. అమ్ముడుపోవు అందమునకు మూస తప్పదు కాబోలు.

4. దినచక్రము

క్రీడాభిరామము ప్రాతఃకాలమున మొదలై, మధ్యాహ్నభోజనము మీదుగా సాయంకాలమునకు సాగును. ఒక దినమున ఒక నగరము: ఇది దాని కాలసూత్రము. ఉతమారో 1794 ప్రాంతమున యొషివారాలో పండ్రెండు గడియలు అను చిత్రముల వరుసను వెలువరించెను. నాటి జపానులెక్కలో అహోరాత్రములకు పండ్రెండు గడియలు. ఒక్కొక్కటి మన రెండు గంటలకు సుమారు సమానము. గడియకొక చిత్రము చొప్పున వేశ్యావాటిక జీవితమును అతడు గీచెను. రెండును దినచక్రమునే ఎన్నుకొన్నవి గాని ఎచ్చట నిలిచి చూచినవి?

ఉతమారో వరుసలో ఎద్దుగడియ చిత్రమొకటి కలదు. అది అర్ధరాత్రి దాటిన వేళ. ఒక స్త్రీ నిద్రమత్తుతో లేచి, ఒకచేత వెలుగుచున్న వత్తిని, వేఱొకచేత కాగితమును పట్టుకొని, కాలితో పాదరక్షను వెదకికొనుచున్నది. విటుడు చిత్రమున లేడు. అలంకారము సడలినది. ఆమె ఎవరి కొఱకును చూడబడుట లేదు. వినోదపు ఇంటికి వెనుకవైపు తలుపు తీసి, అచ్చటి అలసటను ఆ చిత్రము చూపినది.

మంచనశర్మకు, టిట్టిభసెట్టికి ఆ తలుపు తెఱువబడదు. వారు వీథిలోనివారు. వీథి వారికి చూపినదే చూతురు. చూచినదానిని ఆస్వాదింతురు, పరిహసింతురు, సాగిపోదురు. రాత్రి గడియలు వారి దినమునందు లేవు. ఇది కవి అశక్తత అని మేము తలచము. ఎన్నుకొన్న రూపకపు హద్దు. కాని హద్దును హద్దుగా గుర్తింపక, ఇది ఓరుగంటి జీవిత సమగ్రచిత్రమని చెప్పుట పొరపాటు.

భోజనఘట్టమున మాత్రము పోలిక సంపూర్ణముగా కుదురును. మిత్రులిద్దఱును పూటకూటింటికి పోదురు. ఒక రూకకు దొరకు భోజనమును కవి వరుసగా చెప్పును: మేలిజాతి బియ్యపుటన్నము, గోధుమపిండివంట, పంచదార, క్రొత్తగా కాచిన నెయ్యి, పెసరపప్పు, అరటిపండ్లు, పెరుగు. వెలయు, వంటకములును ఇంత సూటిగా పద్యమున కెక్కుట మన కావ్యములలో అరుదు. హిరొషిగే 1833–34 ప్రాంతమున వెలువరించిన తొకైదో ఏబదిమూడు మజిలీల చిత్రములలో మరికో మజిలీ వద్ద ఒక పూరియిల్లు, అచ్చటి ప్రసిద్ధవంటకమైన దుంపపులుసును తెలుపు పలక, కూర్చుండి తినుచున్న ఇద్దఱు బాటసారులు కానవత్తురు. 1802 నుండి వెలువడిన జిప్పెన్షా ఇక్కు హాస్యకథలోని యాజి, కిత అను జంటను ఆ ఇద్దఱియందు పలువురు గుర్తించిరి. తిరుగుటయే పనిగా గల ఇద్దఱు మిత్రులు, ఒక పూటకూటిల్లు, ఆ ఇంటి వంటకము పేరు: దేశము, కాలము మాఱినను వినోదయాత్రకు ఈ మూడును చాలుచున్నవి.

5. పెద్దవేషము వేసిన చిన్నవస్తువు

జపాను చిత్రములలో మితతే అను పద్ధతి యొకటి కలదు. ప్రాచీనమై గంభీరమైన విషయమును వర్తమానమై అల్పమైన వస్తువునందు దర్శింపజేయుట దాని స్వభావము. చీనా కవులు, చిత్రకారులు పూజించిన ఎనిమిది ప్రకృతిదృశ్యములను హరునొబు 1766 ప్రాంతమున ఒక ఇంటి గదిలోనికి దింపెను. దేవాలయపు సంధ్యాఘంట ఇచ్చట గడియారపు మ్రోత, శరచ్చంద్రుడు అద్దపుబల్ల, తీరము చేరు తెరచాపలు ఆఱవేసిన తువాలు. మూలము తెలిసినవాడు నవ్వును. తెలియనివాడు అందమైన గదిని చూచును. ఇద్దఱికిని చిత్రము అందును.

క్రీడాభిరామమందలి కోడిపందెమును ఈ దృష్టితో చదువవలెను. కోడి పడిపోయినప్పుడు వినవచ్చు విలాపము వీరుని గూర్చిన విలాపపు బాణీయందే నడచును. ఆ సంబోధనలు, ఆ హాహాకారములు, ఆ వీరమరణగౌరవము మహాకావ్యమునుండి తెచ్చి కోడికి తొడిగినవి. ఇది కేవలపరిహాసము మాత్రమే కాదు. పలనాటి వీరగాథయందు కోడిపోరు మహాయుద్ధమునకు కారణములలో ఒకటి; ఆ వీరుల గాథ ఈ కావ్యపు వీథులలోనే పాటగా వినవచ్చును. ఒకచోట వీరుల మరణము పాటయైనది. ఒకచోట కోడి మరణము వీరమరణమైనది. రెండును వినోదములే. మిత్రులు రెంటిని చూచి ముందుకు పోదురు. గాంభీర్యమును వీథి ఎట్లు జీర్ణించుకొనునో ఈ రెండు ఘట్టములను కలిపి చదివిననే బోధపడును.

ఇట్లు పొట్టేళ్ళ పోరును, జక్కుల పురంధ్రి గానమును, మైలారదేవుని భటుల సాహసములును ఒకే నడకలో వచ్చుచున్నవి. భక్తి, వీరము, జూదము, శృంగారము అన్నవి వీథియందు వేఱువేఱు గదులు కావు. వాటిని విభజించి, ఇది మతచరిత్ర, ఇది క్రీడాచరిత్ర, ఇది సంగీతచరిత్ర అని పంచుకొన్నచో కావ్యమునకు ప్రాణమైన ఆ కలయిక జారిపోవును.

6. చిత్రశాలలోని చిత్రములు

ఈ కావ్యమునందు చిత్రములును ఉన్నవి. ప్రతాపరుద్రుని వేశ్యయైన మాచల్దేవి తన చిత్రశాలకు ప్రవేశోత్సవము చేయును. ఆ గోడలపై ఏమి గీచియుండెను? దేవతల, మునుల శృంగారవృత్తాంతములు. వీథిలోని పాములవాడు గాని, పూటకూటిల్లు గాని, పందెపుకోడి గాని ఆ గోడ కెక్కలేదు.

ఇది మా విచారమునకు ముఖ్యస్థానము. చుట్టునున్న వీథిని అంత సూక్ష్మముగా చూచిన కవి, చిత్రశాలలోనికి పోవుటతోడనే పురాణమును చూపెను. అతని దృష్టియందు వీథి పద్యమునకు తగినది, గోడ పురాణమునకు తగినది. గోడపై చిత్రము ధనవంతుల పోషణచే నిలుచును, ఒకచోటనే యుండును, చిరకాలముండవలెనని ఆశించును. కనుక చిరకాలపు వస్తువునే కోరును. ఎడో దారుచిత్రమట్లు కాదు. అది సామాన్యుడు కొనగల వెలకు అమ్ముడుపోవును. వందలుగా, వేలుగా అచ్చగును. ఈ ఋతువు నటుని గీచి మఱుసటి ఋతువునకు పాతబడును. క్షణికమైన సాధనము గనుక క్షణికమైన లోకమును ధైర్యముగా గ్రహించినది. వీథిని గీయు చిత్రకళ పుట్టుటకు వీథిలో తిరుగు చిత్రము కావలెను. అట్టి సాధనము ఓరుగంటియందు లేదు. నోటినుండి నోటికి తిరుగగలిగినది పద్యమొక్కటే. కనుక ఆ భారమును పద్యము వహించినది.

విధివిలాసమేమనగా, చిరకాలమునకై గీచిన ఆ గోడలు కావ్యమునందు దప్ప మనకు లేవు. నిలువదనుకొన్న కాగితములు నేడు ప్రపంచపు చిత్రశాలలలో నిలిచియున్నవి.

7. సాక్ష్యమా, స్మృతియా?

1949లో వెలువడిన ఆంధ్రుల సాంఘికచరిత్రలో సురవరము ప్రతాపరెడ్డిగారు క్రీడాభిరామమును విరివిగా ఉపయోగించిరి. రాజుల పేర్లకు మాత్రమే పరిమితమైన చరిత్రకు ప్రజల తిండిని, ఆటను, పాటను చేర్చిన ఆ గ్రంథము తెలుగున మహోపకారము చేసినది. అయినను ఆ మార్గమున నడచు పరిశోధకుడు ఒక జాగ్రత్త వహింపవలెను.

ఓరుగల్లు 1323లో పడిపోయెను. రావిపాటి త్రిపురాంతకుడు ప్రతాపరుద్రుని కాలమువాడని పరిశోధకులు తలచుచున్నారు. ఆయన సంస్కృతమూలము మనకు దక్కలేదు. తెలుగు కావ్యము అటుపిమ్మట తరములు గడచిన తరువాతిది. కర్త వల్లభరాయడైనను, వేటూరి ప్రభాకరశాస్త్రిగారు వాదించినట్లు శ్రీనాథుడైనను ఈ విషయము మాఱదు. అనగా తెలుగుకవి వర్ణించిన వీథులు అతడు నడచిన కాకతీయ రాజధాని వీథులు కావు. మఱొకని గ్రంథమున చదివిన వీథులు. ఎడో చిత్రకారుడు తన కిటికీనుండి చూచి గీచెను. మనకవి పడిపోయిన నగరమును పుస్తకపు కిటికీనుండి చూచెను.

అట్లయిన ఇందలి వివరములు ఎవ్వరి కాలమువి? కొన్ని మూలమునుండి వచ్చియుండును. కొన్ని కవి తన కాలపు ఊళ్ళనుండి తెచ్చియుండును. పూటకూటింటి భోజనము కాకతీయులనాటిదని నిర్ధారించుటకు కావ్యమొక్కటి చాలదు. శాసనముల తోడును, ఇతరకావ్యముల తోడును కావలెను. చారిత్రకునికి ఇది లోపముగా తోచవచ్చును. సాహిత్యవిమర్శకునికి ఇది లాభము. కనుమఱుగైన నగరమును ఒక్క దినముపాటు తిరిగి నడిపించుట, అందు దుఃఖపు మాట ఒక్కటియు పలుకకుండుట, ఆ ఉల్లాసమునందే ఆ లేమిని నిలుపుట: తేలియాడు లోకమను మాటకు ఎడోలో రెండర్థములున్నట్లు, ఓరుగంటి వినోదమునకు ఇచ్చట రెండర్థములున్నవి. పూర్వార్థమైన దుఃఖమును కవి చెప్పలేదు; 1323ను ఎఱిగిన పాఠకుడు దానిని తానే చదువుకొనును.

కర్తృత్వవివాదమునకును ఈ పోలిక కొంత వెలుగు నిచ్చును. దారుచిత్రమున నాలుగు చేతులున్నట్లే క్రీడాభిరామమున త్రిపురాంతకుని ఊహ, తెలుగుకవి పలుకు, వ్రాయసకాండ్ర లేఖనము, ప్రథమముద్రణము చేసిన మానవల్లి రామకృష్ణకవిగారి కృషి, పరిష్కరించిన వేటూరివారి కృషి పొరలుపొరలుగా నున్నవి. ఒక్కచేతిని వెదకుటలో తక్కిన చేతులను మఱువరాదు.

8. చూపబడని వెల

రెండు కళలును శృంగారలోకమును అందముగా చూపినవి. ఆ అందపు వెలను ఎవరు చెల్లించిరి? యొషివారా స్త్రీలు తఱచుగా బాల్యముననే అప్పుపత్రములతో అమ్ముడుపోయినవారు. దిక్కులేక మరణించినవారి శరీరములను చేర్చిన జోకన్‌జి దేవాలయము మినొవాయందు నేటికిని కలదు. బ్రదుకునకు ఆ చివరనున్న ఆ గుడి విలాసపు చిత్రములకు వస్తువు కాలేదు. హిరొషిగే 1857లో గీచిన ఒక చిత్రమున వేశ్యాగృహపు కమ్ముల కిటికీయందు తెల్లపిల్లి కూర్చుండి, దూరమున పొలముల మీదుగా పోవు జాతరజనమును చూచుచున్నది. ఆ గది స్త్రీ చిత్రమున లేదు. ఆమె బయటికి పోలేదను మాటను పిల్లి చెప్పుచున్నది. విలాసచిత్రము తన వెలను ఇంతమాత్రమే ఒప్పుకొనినది.

క్రీడాభిరామమున వేశ్యాకన్యకు ముకురవీక్షణము, అనగా వృత్తిలో ప్రవేశపెట్టుటకు ముందు అద్దము చూపు వేడుక, ఉత్సవముగా వర్ణింపబడినది. మంగళవాద్యములున్నవి, అలంకారమున్నది, చూచువారి సంతోషమున్నది. అద్దమున ఆ బాలిక ఏమి చూచెనో చెప్పుటకు వీథిరూపకమున ఆమెకు పాత్ర లేదు. ఆమె మాట ఆకాశభాషితముగనైనను వినరాదు. కావ్యమును అశ్లీలమని దూరముంచినవారు ఒకప్పుడుండిరి. మా ఆక్షేపము అది కాదు. శరీరమును వర్ణించుట దోషము కాదు. శరీరమును మాత్రమే వర్ణించి, చూడబడు మనిషికి చూపు నీయకపోవుట ఆ కళకు గల మేర. ఆ మేరను నేటి పాఠకుడు, ముఖ్యముగా నేటి విద్యార్థిని, గుర్తింపక మానదు. గుర్తించిన పిదపను కావ్యపు చూపునందలి చుఱుకుదనము తగ్గదు. రెండింటిని కలిపి పట్టుకొనుటయే సాహిత్యబోధకుని పని.

అధికారము విధించిన మేర వేఱు. ఎడో ప్రభుత్వము 1790 నుండి ప్రతిచిత్రమునకు అనుమతిముద్రను విధించెను. 1804లో హిదెయోషిని గీచినందుకు ఉతమారో చేతులకు ఏబది దినములు సంకెల వేయించెను. 1842లో నటుల, వేశ్యల చిత్రములనే నిషేధించెను. నిషేధమునకు ఓర్చిన చిత్రకారులు దారులను, వానను, మంచును గీచిరి. అందుండి హిరొషిగే వంటి వారి ప్రకృతి మఱింత నిండుగా వెలిసినది.

9. ఆంధ్రమునకు చేరిన జపాను

20వ శతాబ్దిలో జపానుకళ తెలుగుదేశమును నిజముగా తాకినది. కాని తాకినది ఈ కళ కాదు. 1903లో యొకొయామా తైకాన్, హిషిదా షున్సో కలకత్తాకు వచ్చిరి. వారివలన అవనీంద్రనాథ ఠాకూరు బృందమునకు తడిరంగును కడిగి మంచువలె పఱపించు పద్ధతి అబ్బినది. ఆ సంప్రదాయమునకు చెందిన ప్రమోదకుమార చటోపాధ్యాయుడు బందరు ఆంధ్రజాతీయ కళాశాలయందు బోధించెను. అడివి బాపిరాజు (1895–1952) ఆయన శిష్యుడు. ఇట్లు మనకు చేరిన జపాను పొగమంచు జపాను. పురాణమునకును, స్వప్నమునకును అనుకూలమైనది. గీత తెగువ, వీథి సందడి, చవుకవెల గల దారుచిత్రపు జపాను అంతగా చేరలేదు. 1887లోనే వాన్ గో హిరొషిగే చిత్రములు రెంటిని వర్ణచిత్రములుగా ప్రతిచేసెను; 1891లో గొంకూరు ఉతమారోపై గ్రంథము వ్రాసెను. ఐరోపా ఆ జపానును గ్రహించినది. మనము వేఱొకదానిని గ్రహించితిమి. మాచల్దేవి చిత్రశాలయందు వలెనే మరల గోడకు పురాణము, పద్యమునకు వీథి అను విభాగము మనయందు నిలిచినది కాబోలు.

10. ఉపసంహారము

పై విచారమువలన మూడు విషయములు తేలుచున్నవి. క్రీడాభిరామము విడివిడి చూపుల వరుసగా కట్టిన కావ్యము. దాని ఐక్యము కథయందు లేదు, నడకయందున్నది. అది కాకతీయ నగరమునకు ప్రత్యక్షసాక్ష్యము కాదు. పడిపోయిన నగరమును తిరిగి నడిపించిన స్మృతి. దాని దృష్టి ఎంత విశాలమో అంత వెలుపలిది. ఇండ్ల లోపలి రాత్రిని అది చూడలేదు.

వెల్చేరు నారాయణరావు, డేవిడ్ షుల్మన్ గార్ల ఆంగ్లానువాదము 2002లో వెలువడిన పిమ్మట ఈ కావ్యము తెలుగు రాని పాఠకులకును అందినది. అన్యదేశీయులు తమ నగరకావ్యముల ప్రక్కన దీనిని నిలిపి చదువగలరు. ఆ పోలికలను మన విద్యార్థులు మనభాషయందు ముందుగా చేయవలసియున్నది. వారు చేయదగిన పని సమీపముననే కలదు. వినుకొండ, త్రిపురాంతకము, పుల్లలచెరువు, కారెమపూడి ఊళ్ళ మీదుగా నడచి, వీరగాథలు పాడువారి నడక, పందెములను గూర్చి చెప్పుకొను మాటలు, జాతరల సాహసముల పేర్లు సేకరించి, వాటిని కావ్యమందలి పదములతో సరిచూచినచో, కవి పుస్తకమునుండి తెచ్చినదేదో, ఊరినుండి తెచ్చినదేదో కొంతవఱకైనను విడదీయవచ్చును. ఆ పని జరిగిననాడు ఓరుగంటి వీథులయందు ఈ మెట్టసీమ పలుకు ఎంత యున్నదో తెలియును.